తాబేలు పిల్లకు ఇల్లు కడుతున్నారా?

ఇంట్లో తాబేలు తిరిగితే కలిసొస్తుందని మన ముసలమ్మలు అంటూ ఉంటారు. శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మం గుడి ఆవరణలో నేటికీ నక్షత్ర తాబేళ్లను పెంచుతున్నారు. ఆ వైపు నుంచి నేటాల్ చెరకు తోటలకు వచ్చినవాళ్ల మనవలు మనలో ఉన్నారు గనక, తాబేలు కనబడితే దండం పెట్టాలనిపించడం సహజమే. పెట్టండి. రోడ్డు పక్కన కనబడిందని మాత్రం ఇంటికి ఎత్తుకురాకండి. అడవి తాబేలును పట్టినా, అనుమతి లేకుండా పెంచినా నేరం. మన రాష్ట్రంలో ఆ అనుమతి ఎజెంవేలో వైల్డ్‌లైఫ్ వాళ్లు ఇస్తారు. అమ్మేవాడి దగ్గర కాగితాలు లేకపోతే పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా వెనక్కి తిరగండి. ఇండియా నుంచి నక్షత్ర తాబేలు తెప్పించుకుందామనే ఆలోచన అసలే వద్దు. అక్కడా ఇంట్లో పెంచడం నేరమే.

మనవాళ్ల ఇళ్లలో ఎక్కువగా కనబడేది చిరుత మచ్చలుండే లెపర్డ్ తాబేలు. గుడ్డులోంచి వచ్చినప్పుడు అరచేతిలో సగం కూడా ఉండదు. పెద్దదయితే పది కిలోలు దాటవచ్చు, యాభై ఏళ్లు పైన బతకవచ్చు. మీ అబ్బాయికి కొనిస్తున్నారంటే అతని పిల్లలకు కూడా కొనిస్తున్నట్టే.

మా ఇంట్లో మొదటి పిల్ల ఎనిమిది నెలలే బతికింది. అమ్మినవాడు ఒక గాజు తొట్టి, ఒక మామూలు బల్బు అంటగట్టాడు. ఎండ బాగా తగులుతుందని దాన్ని కిటికీ దగ్గర పెట్టాం. డొప్ప మెత్తబడుతోందని గమనించేసరికే ఆలస్యమైపోయింది. ఎముకలు, డొప్ప గట్టిపడాలంటే ఎండలోని యూవీబీ కిరణాలు కావాలి. వాటిని కిటికీ అద్దం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది, వేడి మాత్రం లోపలికి వస్తుంది. అంటే ఆ పిల్లకు మేము సెగ ఇచ్చాం గానీ ఎండ ఇవ్వలేదు. పైగా గాజు ఉందని దానికి తెలియదు. బయటికి దారి ఉందనుకుని రోజంతా మూలలో కాళ్లు గీరుకుంటూనే ఉండేది.

కాబట్టి గాజు వద్దు, చెక్క పెట్టె చాలు. పాత పుస్తకాల బీరువాను అరలు తీసేసి వెల్లకిలా పడుకోబెడితే సరిపోతుంది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉంటే పిల్ల రెండు మూడేళ్లు హాయిగా తిరుగుతుంది. లోపల మందులు కలపని తోట మట్టి, కొబ్బరి పీచు పొడి కలిపి నాలుగంగుళాల మందం పరవండి. ఒట్టి ఇసుక వద్దు, తిండితో పాటు మింగేస్తుంది. ఒక చివర వేడి దీపం పెట్టండి. దాని కింద నేల మీద 32 నుంచి 35 డిగ్రీలు, రెండో చివర 25 దాకా ఉండాలి. థర్మామీటరు నేలమీద పెట్టి చూడండి, చేత్తో అంచనా వేయకండి. పగలు పన్నెండు గంటలు యూవీబీ ట్యూబు వెలగాలి. వెలుగుతున్నా ఏడాదికల్లా దాని శక్తి తగ్గిపోతుంది, మార్చాల్సిందే. చల్లని వైపు ఒక పూలకుండీని అడ్డంగా పడుకోబెట్టి, కింది మట్టిని తడిగా ఉంచితే అదే పడకగది. పొడి గాలిలో పెరిగిన పిల్లల డొప్ప గుట్టలు గుట్టలుగా లేస్తుంది, ఆ వంకర తరవాత పోదు. అందుకే రోజూ పావుగంట గోరువెచ్చని నీళ్లలో, గడ్డం కిందికి వచ్చేంత లోతులో నిలబెట్టండి.

కరెంటు కోత ఉన్న శీతాకాలపు రాత్రి పెట్టె మీద దుప్పటి కప్పి, గాలికి కొంచెం సందు వదలండి. రబ్బరు సంచిలో వేడినీళ్లు పోసి పెట్టె బయట ఆనించండి.

ఇక పెరట్లో ఇల్లు. ఇంగ్లండులో అచ్చయిన పుస్తకాలు చూసి దక్షిణం వైపు కట్టకండి. ఇక్కడ సూర్యుడు ఉత్తరాన తిరుగుతాడు, ఉత్తరపు ఎండ పడే చోటు చూసుకోండి. సగం నీడ ఉండాలి, వాన నీరు నిలవని మెరక కావాలి. చుట్టూ అడుగున్నర ఎత్తు పలకలు పెట్టి, అరడుగు భూమిలోకి దించండి. వైరు తడికె ఒక్కటే కడితే గాజు కథే మళ్లీ. మూలల మీద పలక ముక్క అడ్డం కొట్టండి, తాబేలు ఎక్కి వెల్లకిలా పడేది అక్కడే. ఎండలో తిరగబడిపోతే గంటల్లో ప్రాణం పోతుంది.

లోపల గడ్డి, మందార, నాగజెముడు పెంచండి, మూడూ తినవచ్చు. పూజకని నాటుకున్న గన్నేరు మాత్రం దగ్గరలో ఉండకూడదు, రాలిన ఆకు కూడా విషమే. అన్నం, రొట్టె, పాలు ప్రేమతోనైనా పెట్టకండి.

ఈ జాతి తాబేలు శీతనిద్ర పోదు. చలికాలం పెట్టెలో మూసిపెట్టే సలహాలు వేరే జాతులవి. డర్బన్‌లో చలికాలం మధ్యాహ్నాలు బయట వదలవచ్చు, పొద్దు వాలకముందే లోపలికి తీసుకురండి. న్యూకాసిల్ వైపు మంచు కురిసే రోజుల్లో బయటికి తేనే వద్దు.

పైన గట్టి వైరు మూత తప్పదు. కాకులు మెత్తని డొప్పను పొడిచి తింటాయి, ఎలుకలు కాళ్లు కొరుకుతాయి. మన పెరటి కోతుల సంగతి చెప్పనక్కర్లేదు. గొళ్లెం తీయడం వాటికి రెండు రోజుల చదువు. తాళం వేసి, చెవి వంటింట్లో పెట్టుకోండి.