ముప్పది నిండినగాని అడుగని ప్రశ్న

నాడీమండలవ్యాధులు మన ప్రజల ఆరోగ్యమునకు ఎంత భారమగుచున్నవో ఈ ఆదివారపు సంచికకు వ్రాయవలసినదని సంపాదకులు పురమాయించి, శుక్రవారపు గడువు విధించినపుడు, మొదట కంటబడినది లాన్సెట్ న్యూరాలజీ పత్రిక 2024లో ప్రకటించిన అంచనా. 2021లో ప్రపంచమున 340 కోట్లమంది, అనగా జనాభాలో 43 శాతము, ఏదో యొక నాడీరుగ్మత కలిగియుండిరని దాని సారాంశము. పార్శ్వపు తలనొప్పి మొదలు పక్షవాతము వఱకు, నెలలు నిండక పుట్టిన శిశువు మొదలు మతిమఱపునకు లోనైన వృద్ధుని వఱకు అందఱిని ఒక్క రాశిగా పోసిన ఆ గణితమును నేను శంకింపను. కాని అంతటి సంఖ్య ఏ మండలపు ఆరోగ్యకేంద్రములో ఏ మాత్ర నిలువయుండవలెనో చెప్పజాలదు. అందుచేత దానిని ప్రక్కనుంచి, మన ఆశా కార్యకర్త చేతిసంచిలోనుండు ఒక కాగితమును పట్టుకొంటిని.

సీబాక్ అని సిబ్బంది పిలుచు ఆ పత్రము, 30 ఏండ్లు నిండిన ప్రతివారి యింటికిని పోయి నింపవలసినది. పొగాకు, మద్యము, నడుము చుట్టుకొలత, ఒంటికి శ్రమ, ఇంటిలో ఎవరికైన బీపీ, షుగరు ఉన్నవా యను సంగతులకు మార్కులు వేసినపిమ్మట, తరువాతి భాగములో ఆయాసము, రెండు వారములకు మించిన దగ్గు, కఫములో రక్తము మొదలైనవాని నడుమ, ఎప్పుడైన ఫిట్స్ వచ్చినవా యని ఒక పంక్తి కలదు. అవునో కాదో టిక్కు పెట్టిన చాలును. మూర్ఛను ఇంటింట అడిగి తెలిసికొనవలసిన వ్యాధిగా ప్రభుత్వము అచ్చువేయించిన ఆ పంక్తి చిన్నదే యైనను, నా దృష్టిలో మహత్తరమైనది.

అయితే ఆ పంక్తి ఎవరికి వినబడుచున్నది? మూర్ఛ తఱచుగా బాల్యమునందో, తొలియౌవనమునందో ఆరంభమగును. పుట్టినది మొదలు 18 ఏండ్ల వఱకు అంగన్‌వాడీలలోను ప్రభుత్వపాఠశాలలలోను పిల్లలను పరీక్షించు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమపు జాబితాలో మూర్ఛ యున్నది. 30 దాటినవారికి సీబాక్ ఉన్నది. ఈ రెండు కాగితముల నడుమ పండ్రెండేండ్ల ఖాళీ కలదు. చదువు ముగియుట, కొలువు దొరకుట, పెండ్లి, తొలికానుపు, ఇవన్నియు సాధారణముగా జరుగునది సరిగా ఆ పండ్రెండేండ్లలోనే. మూర్ఛగల యువతికి అడిగి పలుకరించువారు అత్యవసరమైన కాలములో ఆమె రెండు పత్రములకును అందక పోవుచున్నది.

అడిగినను జవాబు వచ్చునా యనునది మఱియొక చిక్కు. ఆశా కార్యకర్త ఆ యూరిలోనే కాపురముండు మనిషి. ఆమె బలమంతయు అదియే, ఆమెకు అడ్డంకియు అదియే. వీథియరుగుమీద, ప్రక్కయింటివారు బియ్యమేరుచు వినుచుండగా ఆ ప్రశ్న వేసినచో, పెండ్లికెదిగిన పిల్ల గల తల్లి "మా ఇంట్లో అట్లాంటివేం లేవమ్మా" యని తలుపు దగ్గరగా వేయక యేమి చేయును? అత్తవారింట అడుగిడిన పిల్ల మాత్రల అట్టను పోపుల డబ్బా అడుగున దాచుకొని, అత్త వంటింట మసలు దినమున వేసికొనక మానుకొనును. మాత్ర తప్పినచో ఫిట్స్ మరలివచ్చును. అప్పుడు దాచిపెట్టి పెండ్లి చేసితిరను నింద పుట్టినింటిమీద పడును. హిందూవివాహచట్టములో మతిభ్రంశముతోపాటు మూర్ఛనుగూడ వివాహమునకు అనర్హతగా చేర్చినది 1976నాటి సవరణ. 1999లో మఱియొక సవరణ దానిని తొలగించినది. చట్టమునుండి పోయినను, సంబంధములు మాటలాడుకొనుచోట ఆ అనర్హత నేటికిని చెల్లుచుండుట నాకు మిక్కిలి బాధాకరము.

ఇంటింటికి పోయి అడిగినందువలన ఏమి తెలియునో బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు 2004లో ప్రకటించిన సర్వే చూపినది. గౌరీదేవి ప్రభృతులు నగరమునందును పరిసరగ్రామములందును 1,02,557 మందిని గణింపగా, నాడీవ్యాధులు లక్షకు నగరములో 2,190 మందికి, పల్లెలలో 4,070 మందికి కనబడినవి. మూర్ఛ యొక్కటియే వేయింటికి నగరమున 5.7, పల్లెలలో 11.9. స్కాను యంత్రములు, నాడీవైద్యులు ఎక్కడ కలరో అక్కడ రోగము సగమే యున్నది.

పల్లెలో ఇంత ఎక్కువగుటకు కానుపువేళ శిశువునకు ప్రాణవాయువు అందకుండుట, మెదడుకెక్కిన జ్వరములు, తలదెబ్బలు కొన్ని కారణములు, బద్దెపురుగు మఱియొకటి. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలవారు, అనగా చిత్తూరు సీమవారు తరతరములుగా రోగులను మోసికొనిపోవు ఆసుపత్రివారు, ఆ ప్రాంతమున 50,617 మందిని పరిశీలించి, మూర్ఛగలవారిలో సుమారు మూడవవంతునకు మెదడులో ఈ పురుగు తిత్తులే కారణమని 2006లో ప్రకటించిరి. సరిగా ఉడుకని పందిమాంసము తిన్నవాని ప్రేవులలో బద్దెపురుగు పెరుగును. వాని మలముద్వారా వెలువడిన గ్రుడ్లు నీటివలన, ఆకుకూరలవలన, కడుగని చేతులవలన ఇతరుల కడుపులో చేరి, రక్తముతో మెదడునకు పోవును. కాబట్టి మాంసము ముట్టనివారికిని ఇది రాగలదు; మరుగుదొడ్డి కట్టించుట ఇక్కడ మెదడువైద్యమే.

నివారణ అట్లుండగా, వచ్చిన మూర్ఛకు వైద్యము క్రొత్తది కాదు: చరకసంహితలో అపస్మారమునకు, అనగా మూర్ఛకు, ప్రత్యేకాధ్యాయములు కలవు, 1912లో హౌప్ట్‌మన్ ఫినోబార్బిటాల్‌కు, 1938లో మెరిట్, పుట్నమ్ అనువారు ఫినిటాయిన్‌కు మూర్ఛను అణచు గుణము కలదని వెల్లడించిరి.

ఆ రెండు పాతమందులే నేటికిని చవుక. కర్ణాటకలోని యళందూరు తాలూకా పల్లెలలో వానితోనే మూర్ఛను అదుపుచేయవచ్చునని కె.ఎస్. మణి బృందము 2001లో చూపినది. తగిన మందు అందినచో నూటికి డెబ్బదిమంది వఱకు ఫిట్స్ లేక బ్రదుకగలరని, బీదదేశములలో నూటికి డెబ్బదియైదుగురికి ఆ మందే అందుటలేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. సీబాక్‌లోని ఆ యొక్క పంక్తిని 18 ఏండ్లకే దించవలెను. దానిని అరుగుమీదగాక ఇంటిలోపల, స్త్రీని ఒంటరిగా అడుగవలెను. అవునన్నవారికి నెలనెల మాత్రలు ఊరి ఉపకేంద్రముననే దొరకవలెను. ఈ మూడింటికిని క్రొత్త యంత్రము కాని, క్రొత్త ఆసుపత్రి కాని అక్కరలేదు.

పెట్టెలో: ఫిట్స్ వచ్చినపుడు

తాళపుచెవుల గుత్తి చేతిలో పెట్టుట, ఉల్లిపాయ వాసన చూపుట నిష్ప్రయోజనము. నోటిలో చెంచాగాని, గుడ్డగాని, నీరుగాని పెట్టరాదు. కాలుసేతులను అదిమిపట్టరాదు. దగ్గరనున్న రాతిని, పొయ్యిని తొలగించి, తలక్రింద మెత్తని గుడ్డ యుంచి, మనిషిని ఒక ప్రక్కకు త్రిప్పవలెను. గడియారము చూడుడు: అయిదు నిమిషములు దాటినను, తెలివి రాకుండ మరల వచ్చినను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

మాత్రలను ఉన్నట్లుండి మానుట ప్రాణాపాయము. బిడ్డను కోరు స్త్రీ ముందుగానే వైద్యునితో మాటలాడి, గర్భస్థశిశువునకు కీడుచేయు వాల్‌ప్రోయేట్ వంటి మందు వాడుచున్నచో, వీలుచూచి మార్పించుకొనవలెను.