కమ్మరి కొలిమిలో చేజారిన విజయం: టూర్ డి ఫ్రాన్స్ తొలినాళ్ళ వీరులు

అది 1913 జూలై. ఫ్రాన్స్ దక్షిణ సరిహద్దులోని పిరనీస్ పర్వతాలలో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పోటీ సాగుతోంది. గెలుపు అవకాశాలు మెండుగా ఉన్న యూజెన్ క్రిస్టోఫ్ టూర్మలే కనుమ నుండి వేగంగా దిగుతుండగా, ఆయన సైకిల్ ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగిపోయింది. ఆయన సైకిల్‌ను మోసుకుంటూ పది కిలోమీటర్లకు పైగా నడిచి, సెయింట్ మేరీ ద కాంపాన్ అనే గ్రామంలోని కమ్మరి కొలిమికి చేరుకున్నారు. అయితే మరమ్మతు పోటీదారే చేసుకోవాలన్నది నిబంధన. కొలిమి యజమాని అక్కడే ఉన్నా ఆయన చేయి వేయడానికి వీలు లేదు. పర్యవేక్షకులు చూస్తుండగా క్రిస్టోఫ్ స్వయంగా ఇనుమును కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, ఫోర్కును అతికించుకున్నారు. రెండు చేతులూ పనిలో ఉండడంతో కొలిమి తిత్తిని ఒక బాలుడు ఊదాడు. ఆ కాస్త సాయానికి కూడా నిర్వాహకులు జరిమానా విధించి, ఆయన ఖాతాలో అదనపు నిమిషాలు కలిపారు. కానీ అప్పటికే దాదాపు నాలుగు గంటల కాలం, దానితో పాటు విజయం ఆయన చేజారిపోయాయి.

ఇంతటి కఠిన నియమం ఎందుకు పుట్టింది? సమాధానం కోసం ఆ పోటీల పుట్టుక వద్దకు వెళ్ళాలి.

దూర ప్రయాణపు సైకిల్ పందేలకు తొలి గుర్తుగా 1869 నవంబరు 7న పారిస్ నుండి రూఆన్ వరకు జరిగిన 123 కిలోమీటర్ల పోటీని పేర్కొంటారు. పెడళ్ళు నేరుగా ముందు చక్రానికే అమర్చిన నాటి సైకిళ్ళపై ఆ దూరం దాటడానికి విజేత జేమ్స్ మూర్‌కు పది గంటలకు పైగా పట్టింది. 1891లో ఒక పారిస్ దినపత్రిక ఏర్పాటు చేసిన పారిస్–బ్రెస్ట్–పారిస్ పోటీలో షార్ల్ టెరాన్ సుమారు 1,200 కిలోమీటర్లను 72 గంటలలోపే పూర్తిచేశారు. నిద్రాహారాలు మాని తొక్కే మనిషి కథను జనం ఆసక్తితో చదువుతారని పత్రికలు గ్రహించాయి.

టూర్ డి ఫ్రాన్స్ ఆ గ్రహింపు నుండే పుట్టింది. పసుపు కాగితంపై వెలువడే 'లోటో' అనే క్రీడాపత్రిక, ఆకుపచ్చ కాగితంపై వెలువడే ప్రత్యర్థి పత్రిక 'లె వెలో'తో పోటీపడలేక సతమతమవుతోంది. దేశమంతటినీ చుట్టి వచ్చే పందెం పెడదామని యువ విలేకరి జియో లెఫెవ్ర్ సూచించగా, సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్ అంగీకరించారు. 1903 జూలై 1న 60 మంది బయలుదేరగా, 2,428 కిలోమీటర్ల పోటీని ఆరు దశలలో పూర్తిచేసినవారు 21 మంది మాత్రమే. ఇటలీలో పుట్టి, బాల్యంలో పొగగొట్టాలు శుభ్రంచేసే పనిలో కుదిరిన మారిస్ గారిన్ దాదాపు మూడు గంటల ఆధిక్యంతో గెలిచారు. పత్రిక అమ్మకాలూ గణనీయంగా పెరిగాయి.

మరుసటి ఏడాది కథ అడ్డం తిరిగింది. చీకటిలో సాగిన దశలలో కొందరు రైలు, మోటారు వాహనాల సాయం తీసుకున్నారన్న ఆరోపణలు వచ్చాయి. సెయింట్ ఎతియెన్ సమీపంలోని కొండదారిలో స్థానిక పోటీదారు అభిమానులు ఇతరులపై దాడికి దిగారు. దారిలో మేకులు చల్లారు. విచారణ అనంతరం 1904 డిసెంబరులో ఫ్రెంచ్ సైక్లింగ్ సంఘం గారిన్‌తో సహా మొదటి నలుగురినీ అనర్హులుగా ప్రకటించింది. అయిదో స్థానంలో నిలిచిన ఆన్రీ కోర్నె విజేత అయ్యారు. పోటీ ముగిసేనాటికి ఆయన వయస్సు 19 ఏళ్ళు. టూర్ చరిత్రలో అంతకన్న పిన్న వయస్కుడైన విజేత నేటికీ లేరు.

ఈ అనుభవం తరువాత దెగ్రాంజ్ నిఘా పెంచారు. దశల దూరం తగ్గించి, రాత్రి ప్రయాణాలను తగ్గించారు. పోటీదారు తన శక్తిపైనే ఆధారపడాలన్న సూత్రం మరింత బిగిసింది. కొలిమి వద్ద క్రిస్టోఫ్‌కు ఎదురైనది ఆ సూత్రమే. మోసాన్ని అరికట్టడానికి అది అవసరమే. అయితే బాధ ఎంత పెరిగితే కథ అంత రక్తి కడుతుందన్న లెక్క కూడా అందులో ఉంది. 1910లో తొలిసారిగా పోటీని పిరనీస్ ఎత్తైన కనుమల మీదుగా మళ్ళించారు. 326 కిలోమీటర్ల ఆ దశలో మట్టిదారిపై సైకిల్‌ను నెట్టుకుంటూ ఎక్కిన ఆక్టేవ్ లాపీజ్, నిర్వాహకులను హంతకులని నిందించారు. ఆ ఏటి విజేత కూడా ఆయనే. యుద్ధవిమాన చోదకుడిగా పనిచేస్తూ 1917లో మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించారు.

1924లో ఇటలీలోనూ ఇలాంటి పరీక్షే ఒక మహిళకు ఎదురైంది. పారితోషికాల వివాదంతో ప్రముఖులు దూరమైన గిరో డి ఇటాలియా పోటీలో రైతు కుటుంబానికి చెందిన ఆల్ఫోన్సినా స్ట్రాడా పురుషులతో పాటు బరిలో దిగారు. పెరూజా దశలో హ్యాండిల్ విరిగితే చీపురు కర్ర బిగించుకుని తొక్కారని చెబుతారు. కాలపరిమితి దాటడంతో ఆమె పేరు అధికారిక ఫలితాల నుండి తొలగినా, ప్రయాణం కొనసాగించడానికి నిర్వాహకులు అనుమతించారు. 90 మంది బయలుదేరిన ఆ పోటీలో అధికారికంగా 30 మందే గమ్యం చేరారు. ఆమె కూడా 3,600 కిలోమీటర్లకు పైగా సాగిన దారిని చివరి వరకు తొక్కారు.

అదే ఏడాది టూర్‌లో తిరుగుబాటు రేగింది. ఉదయపు చలికి వేసుకున్న అదనపు జెర్సీని ఎండ ఎక్కాక పారవేయకూడదన్న నిబంధనకు నిరసనగా, అంతకుముందు ఏడాది విజేత ఆన్రీ పెలిసియే, సోదరుడు ఫ్రాన్సిస్, సహచరుడు మారిస్ విల్ పోటీ నుండి తప్పుకున్నారు. వారు చెప్పిన కష్టాలను, వాడుతున్న మందులను పాత్రికేయుడు ఆల్బర్ లోండ్ర్ లోకానికి వెల్లడించారు. పత్రికలు పెంచిన పోటీని ఈసారి ఒక పత్రికే నిలదీసింది.

నియమాలు నెమ్మదిగా సడలాయి. తొక్కుతూనే గేర్లు మార్చుకునే పరికరాన్ని టూర్‌లో 1937లో అనుమతించారు. నేడు సైకిల్ చెడిపోతే వెనుక వస్తున్న జట్టు కారు క్షణాల్లో మరొకటి అందిస్తుంది. 1919లో టూర్ చరిత్రలోనే తొలి పసుపు జెర్సీ ధరించిన క్రిస్టోఫ్‌కు, ఆ ఏడాది కూడా ఆధిక్యంలో ఉండగానే ఫోర్కు విరిగింది. ఆయన టూర్‌ను ఎన్నడూ గెలవలేదు. 1913లో గెలిచినవారు బెల్జియంకు చెందిన ఫిలిప్ టీస్. కానీ సెయింట్ మేరీ ద కాంపాన్ గ్రామంలో నేటికీ కనిపించే స్మారక ఫలకం క్రిస్టోఫ్ పేరుతో ఉంది.