ప్రెషర్ వాషర్ గొట్టాలలో పీడన నష్టం

పీడన నష్టం అనగా గొట్టం గుండా ప్రవహించే ద్రవం, ఘర్షణ కారణంగా తన పీడనంలో కొంత భాగాన్ని కోల్పోవడం. వాహనాలను కడిగే సర్వీసింగ్ కేంద్రాలలో వాడే ప్రెషర్ వాషర్లలోను, తోటలకు మందు కొట్టే పవర్ స్ప్రేయర్లలోను ఈ నష్టం స్పష్టంగా తెలుస్తుంది. గొట్టం పొడవు పెరిగితే నష్టం పెరుగుతుంది. అయితే పొడవు కంటే గొట్టపు లోపలి వ్యాసం ప్రభావం ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ విషయం తెలియకపోవడం వలన యంత్రాన్ని తప్పుపట్టి, అవసరం లేని మరమ్మతులు చేయించడం తరచుగా జరుగుతుంది.

భావన

గొట్టపు గోడను తాకి ఉన్న నీరు దాదాపు కదలదు. మధ్యలోని నీరు వేగంగా పోతుంది. ఈ పొరల మధ్య ఏర్పడే ఘర్షణను అధిగమించడానికి నీరు తన పీడన శక్తిని ఖర్చు చేస్తుంది. ఆ శక్తి ఉష్ణంగా మారుతుంది.

ఇందులో ముఖ్యంగా గ్రహించవలసినది ఒకటున్నది. నీరు కదులుతున్నప్పుడే ఘర్షణ నష్టం ఉంటుంది. గన్ మీట వదిలి ప్రవాహం ఆపివేస్తే, ఒకే ఎత్తులో ఉన్న గొట్టపు రెండు చివరలా పీడనం సమానమవుతుంది. కనుక గన్ మూసి ఉంచి గేజి చూసి, "పీడనం సరిగానే ఉన్నది" అనుకోవడం పొరపాటు. నష్టాన్ని కొలవాలంటే నీరు చిమ్ముతున్నప్పుడే కొలవాలి.

చరిత్ర

జర్మన్ శాస్త్రవేత్త జూలియస్ వైస్‌బాక్ 1845లో పీడన నష్టానికి ఒక సమీకరణాన్ని ప్రతిపాదించాడు. ఫ్రాన్సులోని దిజోన్ నగరానికి మంచినీటి వ్యవస్థను నిర్మించిన ఇంజనీరు హెన్రీ డార్సీ, గొట్టాలపై తాను చేసిన ప్రయోగాల ఫలితాలను 1857లో ప్రచురించాడు. వీరిద్దరి పేరున ఆ సూత్రాన్ని డార్సీ-వైస్‌బాక్ సమీకరణం అంటారు. 1883లో ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో రంగునీటిని పంపి, ప్రశాంతమైన ధారారేఖా ప్రవాహం ఏ పరిస్థితులలో సంక్షుబ్ధ ప్రవాహంగా మారుతుందో చూపాడు. ప్రెషర్ వాషర్ గొట్టంలో ఉండేది సంక్షుబ్ధ ప్రవాహమే.

నష్టాన్ని నిర్ణయించే అంశాలు

* పొడవు: నష్టం పొడవుకు అనులోమానుపాతంలో ఉంటుంది. గొట్టం రెండింతలయితే నష్టం రెండింతలు.
* ప్రవాహ పరిమాణం: నునుపైన గొట్టంలో నిమిషానికి పోయే నీరు రెండింతలయితే నష్టం సుమారు 3.4 రెట్లు అవుతుంది.
* లోపలి వ్యాసం: వ్యాసం సగమయితే, అంతే నీటికి నష్టం సుమారు 27 రెట్లు అవుతుంది.
* మలుపులు, జాయింట్లు: ఇరుకు కప్లింగులు, నలిగిన చోట్లు అదనపు నష్టాన్ని కలిగిస్తాయి.

గొట్టం కొనేటప్పుడు బయటి మందం కాక లోపలి వ్యాసం చూడాలి. తీగల అల్లిక పొరలున్న గొట్టం బయటికి లావుగా కనిపించినా లోపల సన్నగా ఉండవచ్చు.

ఉదాహరణ

ఒక ప్రెషర్ వాషర్ నిమిషానికి 15 లీటర్ల నీటిని 150 బార్ పీడనంతో ఇస్తున్నదనుకుందాం. (1 బార్ అనగా చదరపు సెంటీమీటరుకు సుమారు 1.02 కిలోలు, లేక 14.5 పీఎస్ఐ.) నునుపైన గొట్టంలో 30 మీటర్ల పొడవుకు నష్టం సుమారుగా ఇలా ఉంటుంది:

* లోపలి వ్యాసం 6 మి.మీ. అయితే 38 బార్
* లోపలి వ్యాసం 8 మి.మీ. అయితే 10 బార్
* లోపలి వ్యాసం 10 మి.మీ. అయితే 3.4 బార్

6 మి.మీ. గొట్టంలో కేవలం ఘర్షణకే దాదాపు ఒక కిలోవాట్, అనగా ఒక హార్స్‌పవరుకు పైగా శక్తి వ్యర్థమవుతుంది. 10 మి.మీ. గొట్టాన్ని 60 మీటర్లకు పొడిగించినా నష్టం 7 బార్ మించదు. అంటే సన్నని గొట్టం 30 మీటర్ల కంటే లావు గొట్టం 60 మీటర్లే మేలు.

నష్టం ఎక్కడ కనబడుతుంది?

ప్రెషర్ వాషర్లలో సాధారణంగా ప్లంజర్ పంపు ఉంటుంది. అది ఒక్కో చుట్టుకు నిర్ణీత పరిమాణంలో నీటిని తోస్తుంది. గొట్టం పొడవైనా అంతే నీటిని తోయడానికి ప్రయత్నిస్తుంది. కనుక నాజిల్ వద్ద పీడనం మొదట తగ్గదు, పంపు వద్ద పీడనం పెరుగుతుంది. పై ఉదాహరణలో నాజిల్ వద్ద 150 బార్ రావాలంటే పంపు 188 బార్ ఇవ్వాలి. అనగా మోటారుపై నాలుగో వంతు అదనపు భారం పడుతుంది.

పంపును కాపాడడానికి అన్‌లోడర్ వాల్వు ఉంటుంది. పీడనం హద్దు దాటితే అది కొంత నీటిని వెనుకకు మళ్ళిస్తుంది. హద్దు 150 బార్ వద్దనే ఉంటే, 6 మి.మీ. గొట్టంతో నాజిల్‌కు నిమిషానికి సుమారు 13.3 లీటర్లు, 119 బార్ మాత్రమే అందుతాయి. అప్పుడు పనివారు ధార బలహీనపడిందని గమనించి అన్‌లోడర్ స్క్రూను బిగిస్తారు. ఇది ప్రమాదకరం. గన్ మూసిన క్షణంలో ఘర్షణ నష్టం మాయమై, పెంచిన పీడనమంతా గొట్టం మీద, గన్ మీద, జాయింట్ల మీద పడుతుంది. పగిలిన గొట్టం నుండి వచ్చే సన్నని ధార చర్మాన్ని చీల్చుకొని లోనికి పోగలదు. అటువంటి గాయం పైకి చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

మెట్ట ప్రాంతంలో ప్రాధాన్యత

గోదావరి డెల్టాలో ధవళేశ్వరం ఆనకట్ట (1847-1852 మధ్య నిర్మాణం) నుండి కాలువల నీరు పల్లానికి తనంతట తానే పారుతుంది. డెల్టాకు ఎగువన మెట్టలో ఉన్న జంగారెడ్డిగూడెం పరిసరాలలో బోరు నీటిని తోడి గొట్టాలలో పంపక తప్పదు. పూర్వం పశ్చిమ గోదావరి జిల్లాలో ఉన్న ఈ పట్టణం 2022 ఏప్రిల్ 4 నుండి ఏలూరు జిల్లాలో ఉన్నది. ఇక్కడ ఆయిల్ పామ్, పొగాకు, మొక్కజొన్న, కోకో ముఖ్యమైన పంటలు. ఆయిల్ పామ్ మొక్కలను 9 మీటర్ల ఎడంతో త్రిభుజాకారంలో నాటుతారు. కనుక 100 మీటర్ల గొట్టం ఒక వరుసలో పదకొండు చెట్లకు మించి అందదు. తోటలో యంత్రాన్ని ఒకచోట ఉంచి మందు కొట్టాలంటే పొడవైన గొట్టం అవసరమవుతుంది.

పవర్ స్ప్రేయర్ పంపు వద్ద పీడనం 30 బార్, ప్రవాహం నిమిషానికి 10 లీటర్లు అనుకుందాం. 8 మి.మీ. గొట్టం 100 మీటర్లు పరిస్తే సుమారు 16 బార్ దారిలోనే పోతుంది. గన్ వద్ద మిగిలేది 14 బార్ మాత్రమే. 10 మి.మీ. గొట్టమయితే నష్టం 6 బార్ లోపే. పీడనం తగ్గితే తుంపరలు పెద్దవవుతాయి, ధార ఎత్తుకు పోదు, మందు ఆకులకు సమంగా పట్టదు. ప్రెషర్ వాషర్‌లో 16 బార్ నష్టం పదో వంతు మాత్రమే, స్ప్రేయర్‌లో అది సగానికి పైన. మందు పనిచేయలేదని రైతు అనుకునే సందర్భాలలో గొట్టాన్ని కూడా పరిశీలించడం మంచిది.

నీరు తెచ్చే గొట్టం

పంపులోనికి నీరు తెచ్చే గొట్టం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 5 మీటర్ల ఎత్తున్న ట్యాంకు ఇచ్చే పీడనం సుమారు అర బార్ మాత్రమే. నిమిషానికి 15 లీటర్లు 30 మీటర్ల దూరం పోవడానికి 12 మి.మీ. గొట్టంలో 1.4 బార్ కావాలి, కనుక అంత నీరు రాదు. 19 మి.మీ. గొట్టంలో 0.16 బార్ చాలు. నీరు చాలకపోతే పంపులో ఆవిరి బుడగలు ఏర్పడి పగులుతూ, చప్పుడు చేస్తూ, వాల్వులను, సీళ్ళను పాడుచేస్తాయి.

నష్టాన్ని తగ్గించే మార్గాలు

* వీలైతే యంత్రాన్నే పని దగ్గరకు జరపాలి. లావుగా ఉండే నీటి గొట్టాన్ని పొడవుగాను, అధిక పీడన గొట్టాన్ని పొట్టిగాను ఉంచాలి.
* పొడవైన గొట్టం తప్పనిసరి అయితే లోపలి వ్యాసం ఒక మెట్టు పెంచాలి. చివరి కొద్ది మీటర్లు మాత్రం చేతికి తేలికగా ఉండే సన్న గొట్టం వాడవచ్చు.
* గొట్టంపై ముద్రించిన గరిష్ఠ పీడనం పంపు హద్దు కంటే తక్కువ కాకూడదు.
* ధార బలహీనపడితే స్క్రూ బిగించే ముందు పొట్టి గొట్టంతో పరీక్షించాలి. అప్పుడు ధార సరిగా వస్తే లోపం పంపుది కాదు, పొడవు గొట్టానిది. అప్పటికీ రాకపోతే నాజిల్ అరుగుదలను, ఫిల్టరును, పంపు వాల్వులను చూడాలి.

ఇవి కూడా చూడండి

* పీడనం
* స్నిగ్ధత
* ఘర్షణ
* బిందు సేద్యం
* జంగారెడ్డిగూడెం