ఆకలి కడుపుదా, మనసుదా?

యాసంగి వరి కోతల రోజులు. నల్గొండ జిల్లా త్రిపురారంలో ఒక ఇల్లు. భర్త ధాన్యం ట్రాక్టరుతో మిర్యాలగూడ మిల్లుకు వెళ్లాడు. వరుస కదలడం లేదు, ఈ రాత్రికి రాలేనని ఫోను చేశాడు. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. కూతురి పెళ్లికి తెచ్చిన అప్పుకు వడ్డీ కట్టే గడువు దగ్గరపడింది. రాత్రి పది దాటింది. అన్నం తిని గంటన్నర కూడా కాలేదు. అయినా నలభై ఎనిమిదేళ్ల ఆ ఇల్లాలి చెయ్యి మురుకుల డబ్బా మీదికి వెళ్లింది. ఒకటి అనుకున్నది పది అయ్యాయి. డబ్బా మూత పెట్టాక కడుపు బరువెక్కింది గాని మనసు తేలిక కాలేదు. పైగా, ఇంత వయసొచ్చినా నోరు కట్టుకోలేకపోయానే అని సిగ్గు.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. సాగర్ ఎడమ కాలువ కింది పల్లెల్లోనే గాక పట్నాల్లోనూ మన సంఘాల్లోని ఎందరో నడివయసు విశ్వాసులది ఇదే పరిస్థితి. మగవారైతే మిర్చి బజ్జీ, మిక్చర్ పొట్లం, కప్పు తర్వాత కప్పు చాయ్. అందరం దీన్ని తిండిపోతుతనం అనే అంటాం. కాని అది పూర్తిగా నిజం కాదు.

దిగులు చాలాకాలం వెంటాడినప్పుడు శరీరంలో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. అది తీపినీ, నూనె వంటల్నీ కోరేలా చేస్తుంది. నిద్ర తగ్గితే ఆకలి ఇంకా పెరుగుతుంది. నడివయసులో కండ తగ్గుతుంది, ఆడవారికి ముట్లు ఆగే కాలం వస్తుంది, కొవ్వు నడుము చుట్టూ చేరుతుంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవారు దాదాపు 10 కోట్ల 10 లక్షల మంది. కాబట్టి డబ్బాలో చెయ్యి పెట్టడం చిన్న విషయమేమీ కాదు.

మరి దేవుని వాక్యం ఏమంటోంది? ఏలీయాను చూడండి (1 రాజులు 19). కర్మెలు మీద అగ్ని దిగిరావడం చూసిన ప్రవక్త, యెజెబెలు బెదిరింపుకు భయపడి అరణ్యంలోకి పారిపోయాడు. బదరీ వృక్షం కింద కూలబడి, ఇక నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు అతణ్ణి గద్దించలేదు, ఉపదేశమూ చేయలేదు. మొదట నిద్రపోనిచ్చాడు. దూతను పంపి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్ర, మళ్లీ అదే భోజనం. ఆ తర్వాతే హోరేబు కొండ దగ్గర, ఇక్కడెందుకున్నావని అడిగి, అతని గోడు విన్నాడు.

భోజనం, నిద్ర, మాట. దిగులుపడిన మనిషికి దేవుడు చేసిన వైద్యం ఇదే. మనం దీన్ని తలకిందులు చేస్తున్నాం. పగలు పనుల్లోపడి తినడం మానేస్తాం, రాత్రి నిద్ర మానేస్తాం, మనసులోది ఎవరికీ చెప్పుకోం. చివరికి ఆ భారమంతా డబ్బా మీద పడుతుంది.

మొదటిది భోజనం. వేళకు తినండి. ఉదయం ఏమీ తినకుండా పొలానికి వెళితే రాత్రి ఆ బాకీ వడ్డీతో సహా తీరుతుంది. జొన్నరొట్టె, ఆకుకూర, పప్పు, గుడ్డు, మజ్జిగ మనకు దొరికేవే. సాయంత్రం చిరుతిండి కావాలనిపిస్తే గుప్పెడు ఉడికించిన పల్లీలో, ఒక జామకాయో చాలు. మురుకులు పండుగకే చేసుకోండి, డబ్బా ఎప్పుడూ చేతికందేచోట పెట్టకండి. చక్కెర రోజుకు 25 గ్రాములు దాటకపోతే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రెండు చెంచాల చక్కెరతో మూడు కప్పుల చాయ్ తాగితే ఆ లెక్క ఇంచుమించు నిండిపోతుంది.

రెండవది నిద్ర. ఫోను పక్కన పెట్టి, రోజూ ఒకే వేళకు పడుకోండి. తెల్లవారుజామున కాలువ కట్ట మీద అరగంట నడిస్తే రాత్రి నిద్ర తానే వస్తుంది.

మూడవది మాట. చెయ్యి డబ్బా వైపు వెళ్లినప్పుడు పది నిమిషాలు ఆగండి. గ్లాసెడు నీళ్లు తాగి, ఇది కడుపు ఆకలా, మనసు ఆకలా అని అడగండి. కడుపుదైతే తినండి, తప్పులేదు. మనసుదైతే దాని పేరు చెప్పి ప్రార్థించండి: అప్పు అయితే అప్పు అని, కొడుకు అయితే కొడుకు అని. షిలోహులో హన్నా దుఃఖంతో భోజనం మానేసింది (1 సమూయేలు 1). మన దుఃఖం మనల్ని అతిగా తినిపిస్తోంది. రెండింటి వేరు ఒకటే. ఆమె దేవుని ఎదుట మనసు కుమ్మరించాకే వెళ్లి భోజనం చేసింది. అప్పటికింకా సమూయేలు పుట్టలేదు, అయినా ఆమె ముఖంలో దుఃఖం పోయింది.

సంఘాలకూ ఒక మాట. కూటం అయ్యాక బిస్కెట్లు, తీపి చాయ్‌తో పాటు మజ్జిగ, పండ్లు కూడా పెట్టండి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరును అడగకుండా ఉపవాస ప్రార్థనకు కూర్చోవద్దని కాపరులు చెప్పాలి. మందు వేసుకుని తినకుండా ఉంటే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఎంత ప్రయత్నించినా తిండి అదుపులోకి రాకపోతే, బ్రతుకు మీద ఆశ సన్నగిల్లితే, అది విశ్వాసలోపం అనుకోకండి. డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ టెలీమానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా మాట్లాడతారు.

ఒక రాత్రి తప్పిపోతే మర్నాడు పస్తుండి మిమ్మల్ని మీరు శిక్షించుకోకండి. ఏలీయాను దూత ఒక్కసారి కాదు, రెండుసార్లు తట్టి లేపాడు. ప్రయాణం ఇంకా చాలా దూరం ఉందని, అతని శక్తికి మించినదని దేవునికి తెలుసు. మీ ప్రయాణమూ ఆయనకు తెలుసు. ఈ రాత్రి డబ్బా మూత తీసేముందు, ఒక్కసారి ఆయన ఎదుట నోరు తెరవండి.