స్వతంత్ర వ్యాసరచన

స్వతంత్ర వ్యాసరచన అనగా ఒక విషయాన్ని రచయిత స్వయంగా పరిశీలించి, విచారించి, తన సొంత క్రమంలో, సొంత మాటలలో పాఠకునికి అందించే గద్యరచన. ఇందుకు విషయం కొత్తది కానక్కరలేదు. ఒకే విషయంపై పదిమంది వ్రాసినా, ఎవరికి వారు చూచి, విచారించి వ్రాసినప్పుడు పది వ్యాసాలూ స్వతంత్ర రచనలే. ఇతరుల వ్యాసాన్ని ముందుంచుకొని, మాటలు మార్చి వ్రాసినది మాత్రం ఎంత అందంగా ఉన్నా స్వతంత్ర రచన అనిపించుకోదు. పాఠకుని ఆసక్తి కూడా చాలావరకు ఈ సొంత పరిశీలన పైనే ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

ఫ్రెంచి రచయిత మాంటేన్ 1580లో ప్రకటించిన తన వ్యాససంపుటికి పెట్టిన పేరుకు "ప్రయత్నాలు" అని అర్థం. ఇంగ్లీషులో వ్యాసానికి వాడే "ఎస్సే" అనే మాటకు మూలం అదే. తెలుగులో సామినేని ముద్దునరసింహం నాయుడు "హితసూచని" (1862) గ్రంథంలోని తన వ్యాసాలను "ప్రమేయాలు" అని పిలిచాడు. కందుకూరి వీరేశలింగం కాలంలో వ్యాసాలను "ఉపన్యాసాలు" అనే వ్యవహారం కూడా ఉండేది.

స్వతంత్రత అంటే ఏమిటో తెలుసుకోవడానికి పానుగంటి లక్ష్మీనరసింహారావు (1865-1940) వ్రాసిన "సాక్షి" వ్యాసాలు మంచి ఉదాహరణ. 1711లో అడిసన్, స్టీల్ లండనులో నడిపిన "స్పెక్టేటర్" పత్రిక వీటికి ప్రేరణ. ఒక సంఘాన్ని కల్పించి, దాని సభ్యుల ద్వారా లోకరీతిని విమర్శించే పద్ధతి అక్కడి నుండి వచ్చినదే. అయితే జంఘాలశాస్త్రి నోట పలికే సంగతులు తెలుగు సమాజానికి చెందినవి; ఆ వాగ్ధాటి పానుగంటిది. పద్ధతిని ఇతరుల నుండి గ్రహించినా, విషయం, భాష రచయితవి కావడం చేత అవి స్వతంత్ర రచనలైనాయి.

కృష్ణా జిల్లాలో వ్యాసరచనకు పత్రికలు ఆలవాలమైనాయి. 1902లో మచిలీపట్నంలో వెలసిన కృష్ణాపత్రికకు ముట్నూరి కృష్ణారావు 1907 నుండి 1945లో మరణించేవరకు సంపాదకుడు. 1960లో విజయవాడలో ప్రారంభమైన ఆంధ్రజ్యోతి దినపత్రికకు తొలి సంపాదకుడు నార్ల వేంకటేశ్వరరావు. ముట్నూరి శైలి గంభీరమైనది. నార్లది వాడుక భాషలో సూటిగా సాగే శైలి. ఇద్దరూ పాఠకులను ఆకట్టుకొన్నారు. కనుక ఆసక్తికి ఫలానా శైలియే కావాలన్న నియమం లేదు.

ఉదాహరణ: కొండపల్లి బొమ్మలు

విజయవాడకు సమీపంలోని కొండపల్లి గురించి వ్రాయబూనిన విద్యార్థి సాధారణంగా "కొండపల్లి బొమ్మలు ప్రపంచ ప్రసిద్ధి గాంచినవి" అని మొదలుపెడతాడు. ఈ వాక్యంలో ఊరిపేరు తీసి నిర్మల్ అనో, ఏటికొప్పాక అనో చేర్చినా అర్థం చెడదు. అంటే ఆ వాక్యం కొండపల్లి గురించి ప్రత్యేకంగా ఏమీ చెప్పడం లేదన్నమాట. వ్యాసంలోని ప్రతి వాక్యాన్నీ ఈ విధంగా పరీక్షించవచ్చును.

బొమ్మ తయారీని దగ్గరగా గమనించినవారు వ్రాసే సంగతులు వేరుగా ఉంటాయి. తెల్లపొణికి అనే తేలికపాటి చెక్కను సెగపై ఉంచి తేమ పోగొడతారు. తల, చేతులు, మొండెం వేర్వేరుగా చెక్కి అతుకుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన ముద్దను "మక్కు" అంటారు. అతుకులను దానితో పూడ్చి, నునుపు చేసి, తెల్లపూత వేసి, పిదప రంగులు దిద్దుతారు. అంకుడు కర్రను తిప్పుతూ లక్కరంగులు పట్టించే ఏటికొప్పాక పద్ధతితో దీనిని పోల్చిచూపితే రెండింటి తేడా పాఠకునికి వెంటనే బోధపడుతుంది. "అద్భుతమైన నైపుణ్యం" వంటి విశేషణాలు చేయలేని పనిని "మక్కు" అనే ఒక్క మాట చేస్తుంది.

విషయాన్ని సరిచూచుకొనడం

చూచి వ్రాతలో పెద్ద చిక్కు ఏమంటే, మూలంలోని పొరపాట్లు కూడా యథాతథంగా వచ్చి చేరుతాయి. కొండపల్లి చిరకాలం కృష్ణా జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. పాత పుస్తకం చూచి నకలు చేసినవారు నేటికీ కృష్ణా జిల్లా అనే వ్రాస్తారు.

అలాగే, ఈ బొమ్మలు చేసే ఆర్యక్షత్రియుల పూర్వులు రాజస్థాన్ నుండి వలస వచ్చారనీ, ఈ కళకు నాలుగు వందల ఏండ్ల చరిత్ర ఉందనీ అనేక వ్యాసాలలో కనిపిస్తుంది. ఇటువంటి చోట రచయిత ఇది వారి సంప్రదాయంలో చెప్పుకొనే మాటా, శాసనాల వంటి ఆధారాలతో నిర్ధారితమైన సంగతా అని విడదీసి చెప్పాలి. ఒకే మాట ఇరవై చోట్ల కనిపించినంత మాత్రాన ఇరవై సాక్ష్యాలున్నట్లు కాదు. పందొమ్మిది మంది మొదటివాని నుండి నకలు చేసి ఉండవచ్చును. పనివారినే అడిగి వ్రాసిన వ్యాసంలో చెక్క దొరకడంలోని ఇబ్బంది, యువతరం వేరే పనులకు వెళ్ళడం వంటి నేటి సంగతులు చోటు చేసుకొంటాయి. నకళ్ళలో అవి రావు. అందరూ నకళ్ళే వ్రాస్తే ఆ కళ గురించి వారికి మాత్రమే తెలిసిన సంగతులు గ్రంథస్థం కాకుండానే పోతాయి.

కూర్పు

* ఎత్తుగడ: సుభాషితంతోనో, పొగడ్తతోనో కాక, విషయానికే ప్రత్యేకమైన ఒక వాస్తవంతో మొదలుపెట్టడం మంచిది.
* క్రమం: ఒక పేరాలో ఒకే అంశం ఉండాలి. తెలిసిన దాని నుండి తెలియని దానికి సాగాలి.
* భాష: పనివారి మాటలను వాడి, మొదటిసారి వచ్చినచోట అర్థం చెప్పాలి.
* ముగింపు: చెప్పినదే తిరిగి చెప్పక, విషయం ఎక్కడ ముగిసిందో అక్కడ ఆపాలి.

గ్రంథచౌర్యం

భారత కాపీహక్కు చట్టం (1957) వాస్తవాలకు, భావాలకు గాక వాటిని వ్యక్తం చేసిన రూపానికి రక్షణ కల్పిస్తుంది. ఆర్.జి. ఆనంద్ కేసు (1978)లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని స్పష్టం చేసింది. కాబట్టి మక్కు తయారీ గురించి ఎవరైనా వ్రాయవచ్చును. మరొకరి వాక్యాలను తనవిగా చూపరాదు. గ్రంథచౌర్యం చట్టానికి మాత్రమే పరిమితమైన విషయం కాదు. రచయిత మరణించిన 60 సంవత్సరాల తరువాత సాధారణంగా కాపీహక్కు తీరిపోతుంది; కాని ఆ రచనను తనదని చెప్పుకొనే హక్కు అప్పుడు కూడా ఎవరికీ రాదు. ఇతరుల మాటలను గ్రహించినప్పుడు వారి పేరు చెప్పడమే దీనికి విరుగుడు. అలా పేరు చెప్పడం వలన రచయిత గౌరవం తగ్గదు. తక్కిన మాటలు అతని సొంతమన్న నమ్మకం పాఠకునికి కలుగుతుంది.