చేతి బ్యాండు చెప్పే కేలరీలు.. నమ్మవచ్చా?

* అడుగులు, నాడి వరకు ఫర్వాలేదు
* ఖర్చయిన శక్తి మాత్రం అంచనాయే

పద్మనాభం: అనంత పద్మనాభస్వామి కొండ ఎక్కి దిగిన వారు ఒకప్పుడు దిగువన కూర్చొని మోకాళ్లు నొక్కుకునేవారు. ఇప్పుడు ముందుగా చేతికున్న బ్యాండు వైపు చూస్తున్నారు. ఎన్ని కేలరీలు కరిగాయన్నదే మొదటి మాట. ఆ అంకె చూసుకొని, ఫర్వాలేదనుకొని అదనంగా నాలుగు ఇడ్లీలు తినేవారూ ఉన్నారు. చిక్కంతా అక్కడే వస్తోంది.

లెక్క ఎలా వేస్తుంది?

శరీరం ఖర్చు చేసే శక్తిని సరిగా కొలవాలంటే ముఖానికి మాస్కు తగిలించి, పీల్చిన ప్రాణవాయువులో ఎంత వినియోగమైందో ప్రయోగశాలలో లెక్కించాలి. లీటరు ప్రాణవాయువు వినియోగమైతే సుమారు 5 కేలరీలు ఖర్చయినట్లు. మణికట్టుకు కట్టిన బ్యాండుకు ఆ వీలు లేదు. చేయి కదలికను పసిగట్టే యాక్సెలరోమీటరు, చర్మంపై ఆకుపచ్చ కాంతి ప్రసరింపజేసి నాడి వేగాన్ని గుర్తించే సెన్సరు.. దానికి ఉన్నవి ఇవే. వీటికి మనం నమోదు చేసిన వయసు, ఎత్తు, బరువు జతచేసి ఒక సూత్రం ప్రకారం అంకె చూపుతుంది. అంటే కేలరీలను అది కొలవడం లేదు, ఊహిస్తోంది.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 60 మందికి 7 రకాల పరికరాలు కట్టి పరీక్షించారు. ఫలితాలను 2017లో ప్రచురించారు. ఆరు పరికరాలు నాడి వేగాన్ని 5 శాతం లోపు తేడాతో చెప్పగలిగాయి. కేలరీల విషయంలో మాత్రం అన్నింటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. అధమమైనది 93 శాతం. చర్మం రంగు ముదురుగా ఉన్నవారిలో, స్థూలకాయుల్లో, పురుషుల్లో పొరపాటు ఎక్కువగా ఉన్నట్లు తేలింది. ఆ పరికరాల తర్వాత కొత్తవి చాలా వచ్చాయి గానీ, పని చేసే పద్ధతి అదే.

కొండ మెట్లపై..

పద్మనాభం కొండకు వెయ్యికి పైగా మెట్లున్నాయి. మెట్టు 15 సెంటీమీటర్లు అనుకుంటే వెయ్యి మెట్లకు 150 మీటర్ల ఎత్తు. 65 కిలోల మనిషి తన బరువును అంత ఎత్తుకు చేర్చుకోవడానికి 23 కేలరీల పని చేయాలి. కండరాలు ఖర్చు చేసే శక్తిలో సుమారు నాలుగో వంతే పనిగా మారుతుంది కనుక అసలు ఖర్చు 90 కేలరీల పైమాటే. చదునైన దారిలో వెయ్యి అడుగులకు అందులో సగం కూడా కాకపోవచ్చు. గాలి పీడనాన్ని బట్టి ఎత్తును గుర్తించే ఏర్పాటు లేని చవక బ్యాండుకు ఎక్కిన అడుగూ, దిగిన అడుగూ, రోడ్డుపై వేసిన అడుగూ ఒక్కటే. నాడి వేగం ఒక్కటే దానికి ఆధారం. ఆ నాడి ఎండకు, భయానికి, కాఫీకి కూడా పెరుగుతుంది. రక్తపోటుకు వాడే కొన్ని మందులు దానిని తగ్గిస్తాయి.

పొలం పనిలో మరో విడ్డూరం. మోకాలి లోతు బురదలో నాట్లు వేసే కూలీ, నెత్తిన మోపు పెట్టుకొని గట్టు వెంట నడిచే మనిషి పడే శ్రమ మణికట్టు కదలికలో సరిగా కనిపించదు. నెత్తిన బరువుందని బ్యాండుకు ఎవరు చెబుతారు? అదే గతుకుల దారిలో ద్విచక్ర వాహనంపై వెళ్లివస్తే కొన్ని అడుగులు ఉచితంగా జమ అవుతాయి. ఈ విలేకరికి స్వయంగా అనుభవమే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం కూర్చొని పనిచేసే పురుషునికి రోజుకు 2,110 కేలరీలు చాలు. కాయకష్టం చేసే వానికి 3,470 కావాలి. ఇంత తేడాను మోపు మోసే చేతి బ్యాండు పట్టుకోలేకపోవచ్చు.

ఏ అంకె చూస్తున్నారు?

చాలామంది పొరబడేది ఇక్కడే. కొన్ని పరికరాలు కదలిక వల్ల ఖర్చయిన దానినే చూపుతాయి. మరికొన్ని ఊపిరి, గుండె, జీర్ణక్రియలకు అయ్యే శక్తిని కూడా కలిపి చూపుతాయి. 65 కిలోల మనిషి రోజంతా మంచం దిగకపోయినా సుమారు 1,500 కేలరీలు ఖర్చవుతాయి. రాత్రికి 1,800 కనిపించిందని సంబరపడితే, అందులో నడక వాటా 300 మాత్రమే. అదీ నాలుగో వంతు తప్పయితే మిగిలేది 225. ఆ తేడా అరకప్పు అన్నంతో సమానం.

బ్యాండును పారేయనవసరం లేదు. నిన్నటి కన్నా నేడు ఎక్కువ నడిచామా అన్నది తెలుసుకోవడానికి పనికొస్తుంది. పట్టీ వదులుగా లేకుండా మణికట్టు ఎముకకు కాస్త పైన కట్టుకోవాలి. బరువు మారినప్పుడల్లా ఫోనులో మార్చుకోవాలి. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవారు మాత్రం ఈ అంకెను బట్టి భోజనాన్ని గానీ, మోతాదును గానీ సొంతంగా మార్చుకోరాదు. కార్తీక అమావాస్య దీపోత్సవానికి ఉపవాసంతో కొండ ఎక్కదలచిన మధుమేహులు ముందుగా వైద్యుని అడగాలి. జేబులో కాస్త పంచదారో, గ్లూకోజు పొడో ఉంచుకోవాలి. చెమటలు పట్టి చేతులు వణుకుతుంటే బ్యాండు చూడడం మాని, మెట్టు మీదే కూర్చొని అది నోట్లో వేసుకోవాలి.