బహుపాత్ర నిర్వహణలో ప్రాణరక్షణ

అష్టావధాని ఎనిమిదిమంది పృచ్ఛకులకు ఒకే క్షణంలో సమాధానం చెప్పడు. ఆవృత్తికొక పాదం చొప్పున వరుసగా పూరించుకొని పోతాడు. తక్కినదంతా ధారణలో నిలిచి ఉంటుంది. ఈ వరుస, ఈ ధారణ నేటి కంప్యూటరు క్రీడలలోని ఒక క్లిష్ట ప్రక్రియకు కూడా ఆధారాలు. ఒకే వ్యక్తి అనేక పాత్రలను నడుపుతూ వాటి ప్రాణాలను కాపాడుకొనడమే ఆ ప్రక్రియ. దీనిని ఆటగాళ్ళు మల్టీబాక్సింగ్ అంటారు.

2004లో బ్లిజార్డ్ సంస్థ వెలువరించిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే ఆన్‌లైన్ ఆటను ఉదాహరణగా గ్రహిద్దాము. ఇందులో సామాన్యమైన దళానికి అయిదుగురు. శత్రువుల దెబ్బలను తనమీదికి తీసుకొనేవాడు ట్యాంకు. గాయాలను మాన్పేవాడు హీలర్. దాడి చేసేవారు ముగ్గురు. మల్టీబాక్సింగ్‌లో ఈ అయిదు పాత్రలనూ అయిదు ఖాతాలతో ఒక్కరే నడుపుతారు.

హీలర్‌కు మొదటి చిక్కు కాలంతో వస్తుంది. ఒక మంత్రం ప్రయోగించిన పిమ్మట మరొకటి ప్రయోగించడానికి సాధారణంగా ఒకటిన్నర సెకను ఆగవలసి ఉంటుంది. పలు మంత్రాలు పూర్తయ్యే వరకు పాత్ర కదలరాదు. కదిలితే మంత్రం భగ్నమవుతుంది. కనుక గాయం కనబడిన తరువాత మేల్కొనేవానికి వ్యవధి చాలదు. పోరుకు ముందే ప్రీస్టు రక్షణ కవచం తొడుగుతాడు; డ్రూయిడ్ కొద్దికొద్దిగా స్వస్థపరచే 'రెజువెనేషన్' వేస్తాడు. ఆ లోపల ఆటగాని దృష్టి తక్కిన నాలుగు పాత్రలపైకి మళ్ళవచ్చు.

రెండవ చిక్కు దృష్టికి సంబంధించినది. అయిదు తెరలను వెదకకుండా, అందరి ప్రాణశక్తిని సూచించే పట్టీలను హీలర్ తెరపైనే ఒకచోట అమర్చుకోవాలి. ట్యాంకు పేరును మాక్రోలో ముందే వ్రాసి ఉంచితే, ఎవరినీ ఎంచుకొనే పని లేకుండా ఒక మీటతోనే చికిత్స అతనికి చేరుతుంది. చికిత్స కూడా శత్రువుల ఆగ్రహాన్ని ఆకర్షిస్తుంది గనుక, ట్యాంకు వారిని తనవైపు త్రిప్పుకొన్న పిదపనే పెద్ద మంత్రాలకు పూనుకోవాలి.

హీలర్లు పలువురైతే వరుస మరింత ముఖ్యము. 1999లో వెలువడిన 'ఎవర్‌క్వెస్ట్' ఆటలో క్లెరిక్‌ల 'కంప్లీట్ హీల్' మంత్రం ఫలించడానికి 10 సెకన్లు పట్టేది. అయిదుగురు క్లెరిక్‌లు రెండేసి సెకన్ల ఎడంతో ఆరంభిస్తే, రెండు సెకన్లకొక చికిత్స ట్యాంకుకు అందుతుంది. అయిదుగురూ ఒకేసారి ఆరంభిస్తే మొదటిది మాత్రమే పనికి వస్తుంది; తక్కిన నలుగురి మంత్రశక్తి నేలపాలే.

ఇచ్చటనే అసలు విషయము తేటపడుతున్నది. ఒక మీట నొక్కును అయిదు పాత్రలకూ ప్రసారం చేసే సాధనాలు దాడిని అయిదింతలు చేశాయి. పాత్రకొక తీర్పు అవసరమైన చికిత్సకు అవి అంతగా తోడ్పడలేదు. 2020 నవంబరులో బ్లిజార్డ్ ఆ ప్రసార సాధనాలను నిషేధిస్తున్నట్లు ప్రకటించింది. పలు ఖాతాలు కలిగి ఉండడాన్ని మాత్రం నిషేధించలేదు. దాడి మీదనే ఆధారపడినవారి పద్ధతి నాడు కుంటుపడింది. క్రమం నేర్చిన హీలర్ విద్య చెక్కుచెదరలేదు.

విద్యార్థులు ఇందుండి గ్రహించదగినది ఒకటున్నది. పెక్కు బాధ్యతలు ఒక్కరి తలపై పడినప్పుడు చేతివేగాన్ని నమ్ముకొనేవాడు అలసిపోతాడు. ఏ పని ముందో, ఏది వెనుకనో, ఏది ఇప్పటికి ఆగగలదో ముందుగా నిర్ణయించుకొన్నవాడే తనవారినందరినీ గట్టెక్కిస్తాడు.